గేటు దాకా వచ్చిన జట్టు

దోహా, అల్ సద్. 13 నవంబర్ 2025, గురువారం.

ఈ రోజు పనులు: చపాతీలు పద్నాలుగు, బెండకాయ వేపుడు, రెండు విడతల బట్టలు, వంటింటి అరలు తుడవడం, క్లినిక్ నుంచి రక్తపరీక్ష కాగితాలు తేవడం, ఈ వీలునామా. ఆరింటిలో అయిదు మధ్యాహ్నం మూడింటికి అయ్యాయి. ఆరోది మొదలుపెడుతున్నాను.

నేను, శివకుమారి, భర్త పేరు తిరుమల్, వయసు నలభై ఎనిమిది, వృత్తి ఇంటిపని. ఈ కాగితాలు నా చేత్తో నేనే రాస్తున్నాను. వచ్చే మంగళవారం నాకు గర్భసంచి తీసే ఆపరేషన్ ఉంది. డాక్టరమ్మ భయపడాల్సిందేమీ లేదన్నది. నా బుద్ధి నిలకడగా ఉంది. నిన్న కొన్న ఏడు రకాల కూరగాయల ధరలు చీటీ చూడకుండా చెప్పగలను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నేను రాస్తున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు కూడా. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు.

దీన్ని అమలుపరచవలసింది నా భర్త తిరుమల్. ఆరు, ఏడు నిబంధనలు మాత్రం మా అమ్మాయి శోభ అమలుపరచాలి. ఎందుకో ఆ నిబంధనలు చదివితే ఆయనకే అర్థమవుతుంది.

1. నా పేరు మీద జగిత్యాలలో ఉన్న రెండు వందల గజాల జాగా శోభకు చెందాలి. అమ్ముకోవాలన్నా, కట్టుకోవాలన్నా ఆమె ఇష్టం. దాని మీద ఎవరూ సలహా ఇవ్వకూడదు. తిరుమల్ గారికి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

2. నా బంగారంలో నాలుగు గాజులు, నల్లపూసలు శోభకు. చెవిదిద్దులు మా చెల్లెలు పుష్పకు. 2009లో అమ్మ చీరలు పంచుకున్నప్పుడు నెమలికంఠం రంగు పట్టుచీర పుష్ప అడగకుండా తీసుకుంది. పదహారేళ్లు ఆ మాట మనసులో పెట్టుకున్నాను. ఇప్పుడు వదిలేస్తున్నాను. చీర ఆమె దగ్గరే ఉండనివ్వండి, దిద్దులు కూడా తీసుకోమనండి.

3. అయిదు లీటర్ల కుక్కర్, దాని రెండు రబ్బర్లు ఎదురు ఫ్లాటు హబీబున్నీసాకు. ఆమెకు వస్తువు ఇస్తున్నాను కాబట్టి సాక్షిగా పిలవలేదు. ఈ సంగతి ముందే చెప్పాల్సి వచ్చింది. "కుక్కర్ నువ్వే ఉంచుకో, నాకు సంతకమే పెట్టాలనుంది" అని నిన్న అలిగి వెళ్ళింది. కుక్కర్ ఆమెకే ఇవ్వాలి.

4. తిరుమల్ గారికి నా బ్యాంకు ఖాతాలో ఉన్నదంతా. దానితో పాటు ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం: బీపీ మాత్ర ఉదయం, షుగర్ మాత్ర తిన్న తర్వాత, శుక్రవారం ఉప్పు తక్కువ. ఇరవై నాలుగేళ్లలో ఆయన నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి గద్దించలేదు. నా మాట ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు. రెండూ నిజమే.

5. బట్టలు ఉతికే మిషన్ ఇంట్లో ఎవరికీ ఇవ్వడం లేదు. అది ఇండస్ట్రియల్ ఏరియాలో శ్రీ శారదా డిగ్రీ కాలేజీ జట్టువాళ్లు ఉండే క్యాంపు గదికి చేరాలి. దాన్ని నేను టీవీ వాళ్లు ఇచ్చిన డబ్బుతో కొన్నాను. ఆ డబ్బు నాకెందుకు వచ్చిందో కింద రాస్తున్నాను.

6. నలుపు అట్ట రిజిస్టరు గురించి.

దీనికి కొంచెం వివరం కావాలి. దోహాలో మన జిల్లాల పూర్వవిద్యార్థులకు ఒక వాలీబాల్ లీగ్ ఉంది. ఎవరు ఏ కాలేజీలో చదివితే ఆ కాలేజీ పేరుతో ఆడతారు. ఎనిమిది జట్లు. అయిదింటిలో ఫ్లాట్లలో ఉండే ఇంజినీర్లు, ఆఫీసువాళ్లు. మూడింటిలో క్యాంపుల్లో ఉండే మనుషులు: డిగ్రీ సగంలో ఆపి, లేదా పూర్తి చేసి కూడా, సెంట్రింగ్ పనికీ స్టీలు పనికీ వచ్చినవాళ్లు. ఒక శుక్రవారం అల్ సద్‌లో స్కూలు కోర్టులో, మరో శుక్రవారం ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంపు వెనక మైదానంలో ఆట జరిగేది. తిరుమల్ గారు లీగ్ అధ్యక్షుడు. ఎవరు వచ్చారు, ఎవరు గెలిచారు అని పదకొండు సీజన్లు రాసింది నేను. నేను బీకాం చదివింది శారదా కాలేజీలోనే. ఆ జట్టువాళ్లు నన్ను అక్కా అంటారు.

లీగ్ తొమ్మిదో రూలు కూడా నేనే రాశాను. ఆట సమయం దాటి పదిహేను నిమిషాల్లో ఆరుగురు కోర్టులో లేకపోతే వాకోవర్, అంటే ఎదుటి జట్టు ఆడకుండానే గెలిచినట్టు. ఒకే సీజన్‌లో రెండు వాకోవర్లైతే జట్టు పేరు కొట్టేయాలి. శుక్రవారం ఉదయం లేవని ఫ్లాట్ల కుర్రాళ్ల కోసం రాసిన రూలు అది. క్యాంపువాళ్లకు మొదటి ఏడాది నుంచీ వేరే పద్ధతి: కంపెనీ బస్సు గేటు దగ్గర ఆగిందంటే జట్టు వచ్చినట్టే, గడియారం అక్కడే ఆపాలి. బస్సు వాళ్ల చేతిలో ఉండదు కదా. ఈ పద్ధతి ఎక్కడా రాసిలేదు. అందరికీ తెలుసు కాబట్టి రాయలేదు. ఇలా గడియారం ఆపిన ప్రతిసారీ రిజిస్టరు అంచున పెన్సిల్‌తో "బ" అని రాసుకున్నాను. మొత్తం ఇరవై మూడు "బ"లు ఉన్నాయి.

గత ఏడాది హైదరాబాదు నుంచి ఒక టీవీ ఛానెల్ వచ్చింది. సీజన్‌కు అరవై వేల రియాళ్లు ఇస్తామన్నారు. షరతులు రెండు. ఆట గురువారం రాత్రి ఏడింటికి జరగాలి. అన్ని ఆటలూ దీపాలు బాగా ఉన్న అల్ సద్ కోర్టులోనే జరగాలి. క్యాంపువాళ్లకు సెలవు శుక్రవారం. గురువారం డ్యూటీ దిగి, బస్సెక్కి, ఏడింటికి రావడం కష్టమని కమిటీలో అందరికీ తెలుసు. "ప్రయత్నం చేస్తరు తియ్" అని తిరుమల్ గారు తేల్చేశారు. నాకు ఆటకు అయిదు వందల రియాళ్లు, టీవీలో స్కోరు పక్కన నా పేరు. నేనూ కాదనలేదు.

జనవరి 2న శారదా జట్టు బస్సు ఏడూ యాభైకి వచ్చింది. అది నిజమైన వాకోవరే. జనవరి 16న ఛానెల్ మనిషి నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ జట్టు జెర్సీలు కెమెరాలో బాగా కనిపించడం లేదని, దుబాయ్ నుంచి మంచి జట్లు సిద్ధంగా ఉన్నాయని నవ్వుతూ చెప్పాడు. నన్ను ఏమీ చేయమనలేదు. ఏడూ పదమూడుకు బస్సు గేటు దగ్గర ఆగింది. నేను చూశాను. స్టిక్కరు ఉన్న కార్లు నేరుగా లోపలికి పోతున్నాయి. బస్సు దిగినవాళ్లు ఒక్కొక్కరూ సెక్యూరిటీకి కార్డు చూపించి పేరు రాయించుకోవాలి. పదిహేనో నిమిషానికి నలుగురే లోపలికి వచ్చారు. నేను వాకోవర్ అని రాశాను. అంచున "బ" రాయలేదు.

కెప్టెన్ భూమేష్ పరుగెత్తుకొచ్చి, "అక్కా, బస్సు గేటుకాడ ఆగింది, సూసినవ్ గద! పదకొండేండ్ల సంది గదే లెక్క గద!" అన్నాడు. రూలు కాగితం తీసి అతని ముందు పెట్టాను. కాగితంలో గేటు సంగతి లేదు. వాళ్లలో పెద్దాయన లస్మయ్య అన్న మాత్రం భూమేష్ భుజం పట్టి వెనక్కి లాగి, "రాయి చెల్లె, నీ డ్యూటీ నీది" అన్నాడు. ఆయన అప్పటికే బూట్ల లేసులు కట్టుకుని ఆటకు సిద్ధంగా ఉన్నాడు. ఆ మాట తిట్టుగా అని ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఆ రాత్రికే జట్టు పేరు కొట్టేశారు. మిగిలిన రెండు క్యాంపు జట్లు తరువాతి వారం వాటంతట అవే తప్పుకున్నాయి. ఈ మూడింటి స్థానంలో దుబాయ్ నుంచి రెండు, అబుదాబి నుంచి ఒకటి విమానంలో వచ్చి ఆడి పోతున్నాయి. ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న జట్టుకు చోటు లేదు. క్యాంపు వెనక మైదానంలో ఇప్పుడు ట్రక్కులు నిలబెడుతున్నారు. లీగ్ ఆటలు లేకపోతే మైదానం దేనికని కంపెనీ అడిగిందట. "రూల్ నువ్వే రాసినవ్, నువ్వే పాటించినవ్, ఇగ బాధెందుకు?" అని తిరుమల్ గారు నన్ను ఓదార్చారు. నా బాధంతా అదే. నన్ను తప్పు పట్టడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఉన్న ఒకే ఆధారం నా బీరువాలో ఉంది.

కాబట్టి నా తదనంతరం ఆ రిజిస్టరు భూమేష్‌కు చెందాలి. ఇరవై మూడు "బ"లు చూపించి, తమ జట్టును మళ్లీ చేర్చుకోమని కమిటీని అడిగే హక్కు అతనికి ఉంది. జనవరి 16న బస్సు ఏడూ పదమూడుకే గేటు దగ్గర ఉందని నేను ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.

7. లస్మయ్య అన్న జూన్‌లో పని ముగించుకుని ఊరికి వెళ్లిపోయాడు. పదకొండు సీజన్లు ఆ జట్టుకు బంతి లేపి ఇచ్చింది ఆయనే. వెళ్లే ముందు ఫోన్ చేసి, ఎన్ని ఆటలు ఆడాడో ఒక కాగితం రాసి స్టాంపు వేసి ఇమ్మన్నాడు. "మనుమనికి సూపిస్త, నమ్ముతలేడు" అన్నాడు. ఆయన చివరి ఆట ఎదురుగా "హాజరు కాలేదు" అని నా రాతలోనే ఉంది. అలాంటి కాగితం ఇవ్వలేక, ప్రింటరు పాడైందని చెప్పాను. నా తదనంతరం శోభ ఆ కాగితం సరిగా రాసి పంపాలి.

14 నవంబర్, శుక్రవారం. చేర్పు.

ఈ ఉదయం పదింటికి సాక్షులు వచ్చారు: కింద ఫార్మసీలో పనిచేసే కామ్రాన్, శోభతో క్లినిక్‌లో నర్సుగా ఉన్న బిల్కిస్. చదవాల్సిన అవసరం లేదన్నాను. బిల్కిస్ అయినా చదివింది. చదివి, "ఆంటీ, ఆపరేషన్ మంచిగ అయితే ఈ బుక్కు ఆయనకు ఎన్నడూ పోదు గద?" అంది. నేను ఎక్కడ దాక్కున్నానో ఆ అమ్మాయి చూసేసింది. వచ్చే సీజన్‌లో ఏ జట్లు ఉండాలో తేల్చే సమావేశం ఈ సాయంత్రమే. ఆ సంగతి నేను నిన్నటి రాతలో ఎక్కడా చెప్పలేదు.

అందుచేత ఆరు, ఏడు నిబంధనలను రద్దు చేస్తున్నాను. మధ్యాహ్నం రెండింటికి టాక్సీలో ఇండస్ట్రియల్ ఏరియాకు వెళ్లి, రిజిస్టరు భూమేష్ చేతికి ఇచ్చాను. నిలబడే పేజీలు తిప్పాడు. టీ తాగమనలేదు. "మీటింగుల నోటితోని చెప్తవా? లేకపోతే గీ బుక్కు మాకిచ్చి ఇంట్ల కూసుంటవా?" అన్నాడు. వస్తానన్నాను. టాక్సీలో ముందు సీటులో కూర్చున్నాడు.

అయిదింటికి సమావేశంలో నిలబడి ఏడూ పదమూడు సంగతి చెప్పాను. ఒకాయన, "అప్పుడు నోరు లేదా వదినా?" అన్నాడు. లేదన్నాను. తరువాత వాదన గంటన్నర జరిగింది. ఆ వాకోవర్ చెల్లదని అయిదుగురు చేతులెత్తారు, ముగ్గురు ఎత్తలేదు. శారదా కాలేజీ పేరు మళ్లీ ఎక్కింది. గురువారమా శుక్రవారమా అన్నది తేలలేదు. ఛానెల్‌తో మాట్లాడాలన్నారు, డబ్బు పోతుందన్నారు. నిజంగానే పోతుందేమో. పోతే పోనివ్వండి అని నేను అన్నది మినిట్స్‌లో రాయలేదు.

రిజిస్టరులో జనవరి 16 పేజీ దిద్దాను. దిద్దుబాటు పక్కన అధ్యక్షుడి సంతకం కావాలి. తిరుమల్ గారు పేజీ చదివి, తేదీ వేసి సంతకం పెట్టారు. ఇంటికి వచ్చాక అన్నం వడ్డించబోతే, "నువ్ కూసో" అని ఆయనే వడ్డించుకున్నారు. లస్మయ్య అన్నకు కాగితం రాసి, లీగ్ స్టాంపు వేసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను: పదకొండు సీజన్లు, నూట ముప్పై ఒక్క ఆటలు, చివరి ఆటకు హాజరు. చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి.

ఒకటి నుంచి అయిదు వరకు నిబంధనలు రాసినట్టే చెల్లుతాయి. అయిదోది మాత్రం నా తదనంతరం దాకా ఆగనక్కరలేదు. మిషన్ ఆదివారం క్యాంపుకు వెళుతుంది. నేను బతికినా ఈ కాగితం ఇలాగే ఉంచాలి, చింపకూడదు. ఈ చేర్పు కోసం సాక్షులిద్దరినీ రాత్రి మళ్లీ పిలిచాను.

సంతకం: శివకుమారి
14 నవంబర్ 2025, అల్ సద్, దోహా

మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:
1. కామ్రాన్
2. బిల్కిస్

లస్మయ్య అన్నకు బాకీ: ఒక హాజరు. చెల్లు.