డ్యూటీలో ఉన్నది నువ్వే

బావా,

నువ్వు పోయి ఈరోజుకి మూడేళ్లు. పోర్టులో మన కంట్రోల్ రూమ్‌లోని పాత కంప్యూటర్‌ని ఈరోజే తీసేశారు.

ఆ కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ, యార్డులో బొగ్గు మోసే ఏ బెల్టు ఏ గుట్టకి పోతుందో ప్రోగ్రామ్‌కి ఎక్కించడానికే ఓ పూట పట్టేది. ఆసుపత్రికి, నువ్వు తిరిగిరాని ఆ ఆపరేషన్‌కి వెళ్లే ముందురోజు అన్నావు: "మళ్లీ మళ్లీ ఏటి నేర్పుతాం బావా దీనికి? నడస్తన్నప్పుడే మెమరీలో ఉన్నదంతా కొత్త ఫైల్లో పెట్టేద్దాం. తెరిస్తే అక్కణ్నుంచే లేస్తాది."

అలాగే చేశావు. లాగౌట్ అవడం మాత్రం మరిచిపోయావు. అందుకే ఆ ఫైలు తెరిచినప్పుడల్లా "డ్యూటీలో: అప్పలరాజు" అని లేచేది. మూడేళ్లుగా పొద్దున్నే నా మొదటి పని నిన్ను లాగౌట్ చేయడం. మర్నాటికి మళ్లీ నువ్వే కూర్చుని ఉండేవాడివి.

భీమిలి నుంచి వచ్చే కొత్తమ్మాయి సుజాత గట్టిగా చెప్పింది: "ఈసారైనా ఆ పేరు తీసెయ్ బాబాయ్. సూసినప్పుడల్లా గుండె జల్లుమంటంది."

కొత్త మెషిన్ కోసం ఆ ఫైలు మళ్లీ చేసింది నేనే. నిన్ను లాగౌట్ చేశాను. రోజూ చేసే అలవాటులో నా పేరుతో లాగిన్ అయ్యాకే సేవ్ చేశాను. తెరిచి చూస్తే "డ్యూటీలో: సింహాచలం".

సుజాత నవ్వేసింది. "ఇంక రోజూ నిన్ను తియ్యాలేటి నాను?"

సరిచేయడం రెండు నిమిషాల పని. చేయలేదు. వచ్చే నెలలో నా రిటైర్మెంట్.

ఆ రోజు నువ్వు నిజంగా మరిచిపోయావా బావా?