గోడ మీది వాకర్

థ్రాస్టన్, మార్చి 3, 1995

క్లబ్బు కార్యదర్శి మోరీన్ క్లెగ్‌కు విల్ఫ్రెడ్ ఆక్రాయిడ్ ఆశీస్సులు.

మన రగ్బీ లీగ్ క్లబ్బు గోడ మీద బొమ్మలు వేయించే పదమూడు మంది మహా ఆటగాళ్ల జాబితా చూశాను. తొమ్మిది మంది నిన్న మొన్నటివాళ్లే. పొద్దున గనిలోకి దిగి, మధ్యాహ్నం మొహం కడుక్కుని ఆటకొచ్చినవాళ్లతో ఈ జిమ్ము కండలకు పోలికేమిటి తల్లీ? అదైనా ఓర్చుకుంటాను. మైదానం అంచున పరుగెత్తే వింగర్ వాకర్‌ను మాత్రం తీసేయ్. 1957 గుడ్‌ఫ్రైడే నాడు పక్క ఊరితో ఆటలో, గీత ముందు బంతి జారవిడిచిన దద్దమ్మ వాడు.

నీ శ్రేయోభిలాషి,
విల్ఫ్రెడ్

తా.క. అప్పుడు వాడి ముందు ఒక్క ప్రత్యర్థి కూడా లేడు.

మార్చి 7

ఆక్రాయిడ్ గారికి నమస్కారాలు.

వాకర్ పదకొండేళ్లలో గీత దాటి బంతిని నేలకానించి నలభై ట్రైలు చేశాడని రికార్డు పుస్తకంలో ఉంది. ఒక్క బంతి జారితే గొప్పతనం పోతుందా? మీ అభిమాన ఆటగాడికి చోటు రాలేదని మీకు కోపమని కమిటీ అనుకుంటోంది.

విధేయురాలు,
మోరీన్

తా.క. కమిటీ కాదు, నేనే.

మార్చి 10

మోరీన్‌కు,

కోపం కాదమ్మా. ఆ మనిషి కాళ్లలో అంత పరుగు లేదు, నాకు తెలుసు.

విల్ఫ్రెడ్

తా.క. మా ఆవిడ ఎడ్నా ముందు వాడి పేరెత్తకు.

మార్చి 14

ఆక్రాయిడ్ గారికి,

ఇప్పుడు అర్థమైంది. ఎడ్నా గారికీ వాకర్‌కూ పెళ్లికి ముందు ఏదో పరిచయం ఉండి ఉంటుంది. పాత పగలు మంచివి కావు. వాకర్ ఎక్కడున్నా 25వ తేదీ శనివారం గోడ ఆవిష్కరణకు రమ్మని పేపర్లో వేయించాను. ఎడ్నా గారికీ ఆహ్వానం పంపాను.

మోరీన్

తా.క. మిమ్మల్నీ వాకర్‌నూ పక్కపక్కన కూర్చోబెడుతున్నాను. బల్ల మీద గాజు సామాను ఉండదు.

మార్చి 16

తల్లీ,

రెండో కుర్చీ వేయకు. వాకర్ అనే మనిషే లేడు. పదిహేను మంది ఆడే రగ్బీ నుంచి మన దగ్గర పరీక్షకు వచ్చే ప్రతి కుర్రాడినీ క్లబ్బు ఆ పేరుతోనే దించేది. మన ఆటలో డబ్బిస్తారు కాబట్టి, ఇక్కడ ఆడినట్టు తెలిస్తే అక్కడ జీవితాంతం వెలి. ఆ నలభై ట్రైలు ఎందరివో తెలియదు. జారిన బంతి మాత్రం నాది. మళ్లీ నన్ను పిలవలేదు. సిగ్గుతో చితికిపోయాను. ఎవరికీ అనుమానం రాకూడదని ముప్పై ఎనిమిదేళ్లుగా అందరికంటే గట్టిగా నేనే వాకర్‌ను తిడుతున్నాను. ఎడ్నాకు కూడా చెప్పుకోలేకపోయాను. ఆ బొమ్మ తీసేయించు.

విల్ఫ్రెడ్

తా.క. ఎండ కళ్లలో పడిందని చెబుదామనుకున్నాను. ఆ రోజు వాన.

మార్చి 20

ఆక్రాయిడ్ గారికి,

ఎడ్నా గారి గురించి అలా ఊహించినందుకు నేనే తలెత్తుకోలేకపోతున్నాను. బొమ్మ వేయడం అయిపోయింది. వాకర్ ఫొటో పాత పేపర్లో ఒక్కటే దొరికింది, అది మీదే. నిన్న ఎడ్నా గారు వచ్చి చూశారు. ఆ గుడ్‌ఫ్రైడే నాడు ఆవిడ ప్రేక్షకుల స్టాండులోనే ఉన్నారట.

"బంతి వదిలేసి అంతగా సిగ్గుపడినవాణ్ణి ఇంకెక్కడా చూళ్లేదమ్మా. అందుకే ఆ వారం డాన్సులో నేనే వెళ్లి పలకరించా" అన్నారు.

మోరీన్

తా.క. ఇక మీదట వాకర్‌ను తిడితే మీకు అన్నం పెట్టరట.