పడమటి హద్దు

నువ్వు ఏళ్ల తరబడి దాటేస్తూ వచ్చిన పని ఈ రోజు పూర్తి చేశాను. మైదుకూరు వెళ్లి వీలునామా రాయించాను. చేను కొడుక్కీ కూతురికీ సమంగా ఇచ్చాను. కూతురికి సగమంటే నువ్వు కాసేపు గొణిగి, తర్వాత సరేననేవాడివి.

పత్రాలు రాసే ఆయన చేనికి నాలుగు హద్దులూ అడిగాడు. మూడు గబగబా చెప్పాను.

“పడమర ఏముండాదమ్మా?”

“మా ఆయన ఉండాడప్పా,” అన్నాను.

ఆయన కలం ఆపి నా మొహంలోకి చూశాడు. వెంట వచ్చిన మనమ్మాయి, “నాయన సమాధి ఉండాది సార్,” అంది. ఆయన అదే రాసుకున్నాడు.

ఆ చోటు ఎవరూ అమ్మకూడదని, నీ పక్కన నాకూ ఆరడుగులు వదలాలని రాయించి సంతకం పెట్టాను. మంచం మీద మాదిరి నా వైపుకు జరిగి పడుకోవద్దు. జరిగినా ఈసారి నెట్టనులే.