గడువు తీరిన కాగితాలు

మా పిడుగుకి,

నీ ఉత్తరం అందింది. కంపెనీ మెయిళ్లన్నీ నీ చేతికిందే ఉన్నా అమ్మమ్మకి చేత్తోనే రాశావు, సంతోషం. అక్షరాలు మాత్రం కోడి కెలికినట్టున్నాయి.

మీ రంగుల విభాగంలో పనిచేసే ఒకావిడ, ఆ రంగుల ఆవిరికి ఊపిరాడటం లేదని ఎనిమిదేళ్ల కిందట మెయిళ్లు రాసింది. వాటి నకళ్లు కావాలని మొన్న అర్జీ పెట్టింది. మీ మేనేజరేమో, "ఏడేళ్లు దాటినవి తీసెయ్యమని రూలే ఉందిగా. శుక్రవారంలోగా తీసేసి, లేవని జవాబిచ్చెయ్" అన్నాడు. రూలు ప్రకారమే కదా, తప్పేముంది అమ్మమ్మా అని అడిగావు. తప్పులేదని నేనంటే హాయిగా నిద్రపోదామని నీ ఆశ. అననే.

గడువన్నది ఎవరూ అడగనంత కాలమే. ఒకరు అడిగిన రోజున అది ఆగిపోవాలి. ముప్ఫై ఏళ్లు రికార్డు గదిలో దుమ్ము పీల్చినదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఒకసారి తప్పు చేశాను.

తాతయ్య చెముడు వయసు వల్ల వచ్చిందనుకుంటున్నావు కదూ? కాదే. మా కంపెనీలోనే రేకులు కొట్టే షెడ్డులో పనిచేసేవారు. ఏటేటా అక్కడివాళ్లకి చెవి పరీక్షలు చేసి, ఆ కాగితాలు నా గదికి పంపేవారు. చప్పుడు వల్లే చెవులు పోతున్నాయని రుజువు చేసుకోవడానికి అవి కావాలని ఆయనా, ఇంకో నలుగురూ అర్జీ పెట్టారు. అర్జీ నా బల్ల మీదే ఉంది. ఆ వారమే కాగితాలకి పదేళ్ల గడువు తీరింది. మొగుడి కోసం ఆపిందంటారేమోనని బెదిరి, కట్టలన్నీ కత్తిరించే యంత్రంలో వేయించి, రిజిస్టర్లో సంతకం పెట్టాను. "మీ అర్జీ రాకముందే పోయాయండీ" అని ఆయనతో అబద్ధమాడాను. "పోతే పోయాయిలే" అన్నారు. అంతే. ఇన్నేళ్లూ నిజం చెప్పలేకపోయాను.

అంచేత ఆ మెయిళ్ల జోలికి పోకు. "అర్జీ ఉంది, ఆపాను" అని రాసివ్వు. తీసేసి తీరాలంటే, ఆ మాట కాగితం మీద పెట్టి సంతకం చెయ్యమను మీ మేనేజరుని. ఆ చెయ్యి ఎంత బరువెక్కుతుందో చూద్దువుగాని.

నీ అమ్మమ్మ

బంగారుతల్లీ,

మేనేజరు కలం తీసి, మళ్లీ మూతపెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయాడా! ఆవిడకి నకళ్లు అందాయని చదివి, నీ నుదురు ఇక్కణ్ణుంచే ముద్దుపెట్టుకున్నాను.

ఇక్కడ మాత్రం నా కొంప మునిగింది. రాసిన ప్రతి ఉత్తరానికీ నకలు తీసి దాచుకోవడం నాకో జబ్బు. నీకు రాసినదాని నకలు తాతయ్య చదివేశారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి, తన పాత పెట్టె తెరిచి, పచ్చబడ్డ కాగితమొకటి నా చేతిలో పెట్టారు. చెవి పరీక్షే. అప్పట్లో డాక్టరు ఆయనకిచ్చిన ప్రతి.

"ఇన్నేళ్లూ దీన్ని దాచారా?" అని రాసి చూపించాను.

"బయటపెడితే అసలు కాగితాలేవీ అంటారు. రిజిస్టరు తీస్తారు. అర్జీ ఇచ్చిన నాలుగో రోజు తేదీ, పక్కన నీ సంతకం. ఆనాడే మీ గదికొచ్చి చూశానోయ్," అన్నారు, వీధంతా వినపడేలా.

ఏడ్చానే. అలవాటు లేని పని, సరిగ్గా రాలేదు కూడా.

రేపు ఆ కాగితం పట్టుకుని ఇద్దరం కంపెనీకి వెళ్తున్నాం. అర్జీ అందాకే కట్టలు యంత్రంలో వేయించానని రాసిస్తాను. మిగతా నలుగురికీ అది పనికొస్తుంది. "మీకు ఒక్క ముక్కా వినపడదు, ఎందుకు రావడం?" అని రాస్తే ఏమన్నారో తెలుసా?

"వినపడకపోతేనేం? నువ్వు తప్పు ఒప్పుకోవడం కళ్లారా చూడద్దూ? యాభై ఏళ్లలో ఇదే మొదలు."

చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు.

మీ తాతయ్య భార్య