ఇరవై రెండు మెట్లు

జూన్ 12

అడ్మిషన్ల మొదటి రోజు. మధ్యాహ్నానికే తల ప్రాణం తోకకొచ్చింది. చిట్టచివర ఒక తాపీపని కూలీ వచ్చింది, వెంట కూతురు. పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయి. ఎడమ కాలు సన్నం, చంక కింద కర్ర. గెంతుకుంటూ లోపలికొస్తుంటే అచ్చం పిచ్చుక. మనసులో అదే పేరు పెట్టేశాను. తల్లికి మన భాష ముక్కలు ముక్కలుగా వచ్చు. పిల్లకు బొత్తిగా రాదు. అయినా నన్ను చూసి నవ్వింది. ఈ స్కూలు ఆఫీసులో క్లర్కమ్మను చూసి నవ్వే ధైర్యం ఇంకెవరికీ లేదు.

కంప్యూటర్లో ప్రత్యేక అవసరం అన్నచోట ఒక్క టిక్కే పడుతుంది. కాలా, భాషా? కంటికి కనిపించేది కాలు. దానికే పెట్టి సబ్మిట్ కొట్టాను. ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చి రెండు కప్పుల కాఫీ తాగాను.

జూన్ 15

ఫారం తిరిగొచ్చింది. కాలికి టిక్ పెడితే అది నేరుగా వికలాంగుల స్కూలుకు వెళ్ళిపోతుందట. ఆ స్కూలు ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారాలి. తల్లి ఆరింటికల్లా పనిలో ఉండాలి, ఎవరు దింపుతారు? హాస్టల్ ఉంది కదా అని ఫోన్ చేశాను. మగపిల్లలకే ఉందన్నాడు వార్డెన్. ఆడపిల్లలందరూ కాళ్ళు బాగుండే పుడతారనుకున్నారా అని నోరు పారేసుకున్నాను. ఫోన్ పెట్టేశాడు.

జూన్ 16

మా స్కూల్లో వలస కూలీల పిల్లలకు ఒక క్లాసుంది. వాళ్ళ భాష తెలిసిన టీచరమ్మ చెబుతుంది. సరే అని భాషకు టిక్ పెట్టబోతే, ఈ విద్యార్థి ఇదివరకే నమోదైంది అని ఎర్రక్షరాలు. అదీగాక ఆ క్లాసు మేడ మీద. ఇరవై రెండు మెట్లు.

హెడ్మాస్టరు గారు పాపం మంచివారే. కాలు సంగతి ఆ స్కూలు వాళ్ళు చూసుకోవాలి, మనమేం చేస్తామమ్మా అన్నారు. ఆ స్కూలు వాళ్ళేమో ఆడపిల్ల కాబట్టి కుదరదంటారు. అందరూ చేతులు దులిపేసుకున్నారు. ముందుగా దులిపిన చెయ్యి నాదే. 30న అడ్మిషన్లు మూసేస్తారు. ఆ తర్వాత మళ్ళీ వచ్చే ఏడాదే.

జూన్ 18

పెట్టిన టిక్ తీయించలేవా అక్కా అంది మా చెల్లెలు. తీయించొచ్చు. క్లర్కు పొరపాటు అని నేను రాసిచ్చి సంతకం పెట్టాలి. అది నా సర్వీసు రిజిస్టర్లోకి ఎక్కుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క రిమార్కు లేదు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. అదే చెప్పాను. చెల్లెలు లేచి వెళ్ళి అంట్లు తోమడం మొదలుపెట్టింది. అది వాదించకుండా అంట్లు తోమితేనే నాకు భయం.

జూన్ 20, ఉదయం 10.40

తల్లి పిల్లను ఎత్తుకుని పరుగున వచ్చింది. చేతులకు సిమెంటు అలాగే ఉంది. పని జరిగేచోట ఇసుక లారీ వెనక్కి వస్తుంటే తప్పుకో తప్పుకో అని అందరూ అరిచారట. ఆ అరుపు పిల్లకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి లేవలేకపోయింది. తల్లి జబ్బ పట్టుకుని లాగిందట. కర్ర మాత్రం లారీ కింద పడి విరిగింది.

పిల్లను రోజూ నా దగ్గర కూర్చోబెట్టి పనికెళ్ళమన్నాను.

అదే రోజు, 3.15

నేను ఫైల్లో తల దూర్చి ఉండగా పిచ్చుక మాయం. చూద్దును కదా, మెట్ల మీద! కర్ర లేదు కాబట్టి కూర్చుని, ఒక్కో మెట్టూ చేతులతో ఒళ్ళెత్తుకుని ఎక్కుతోంది. తన భాషలో లెక్కపెట్టుకుంటోంది. పైకి చేరి, క్లాసు గుమ్మం దగ్గర నుంచి లోపలికి చూస్తూ ఉండిపోయింది. అక్కడ పిల్లలు ఆమె భాషలో ఏదో వల్లిస్తున్నారు. దిగడానికి పావుగంట పట్టింది. గౌనంతా దుమ్ము. నేను దులుపుతూ కూర్చున్నాను. తనకేమో సంతోషం.

జూన్ 23

పిచ్చుక తన భాషలో అంకెలు నాకు ఆరు దాకా నేర్పింది. ఏడు దగ్గర నా నాలుక తిరగలేదని పడీ పడీ నవ్వింది. వడ్రంగి కొత్త కర్ర ఇచ్చాడు, కాస్త పొడుగు, ఎదిగే పిల్ల కదా అన్నాడు.

జూన్ 25

హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆ క్లాసు కిందికి దించమన్నాను. కింద ఖాళీ గది లేదన్నారు. ఉంది, నా ఆఫీసు గది, నేను మేడ మీదికి వెళ్తాను అన్నాను. ఎనిమిది బెంచీలు పడతాయి, టేపు పెట్టి కొలిచే వచ్చాను. మరి మీ మోకాళ్ళ సంగతేమిటి అన్నారు. అవి నాతో ఎప్పటినుంచో గొడవపడుతూనే ఉన్నాయి సార్, కొత్తేం కాదన్నాను. ఆ పిల్ల మీద జాలి పడమనడం లేదు, ఆమె సీటు ఆమెకిమ్మంటున్నాను అని కూడా అన్నాను. గొంతు లేచిందేమో, బయట పిల్లలు ఆగి చూశారు. పెన్ను మూత తీసి, గదుల పట్టికలో రెండు పేర్లు మార్చి, సరే అన్నారు.

జూన్ 26

ఉత్తరం మూడుసార్లు రాశాను. మొదటి రెండింట్లో తప్పు కంప్యూటర్ మీదికి నెట్టాను. చింపేశాను. మూడోదాంట్లో పొరపాటు నాది అని రాసి సంతకం పెట్టాను. ఏడుపొచ్చింది. పిల్ల కోసం ఏడ్చానని రాసుకోవాలని ఉంది. డైరీలో కూడా అబద్ధాలెందుకు, రిమార్కు కోసమే ఏడ్చాను.

జూన్ 29

నాలుగింటికి పై ఆఫీసు వాళ్ళు కంప్యూటర్లో పాత టిక్ తీసేశారు. భాషకు టిక్ పెట్టాను. అడ్మిషన్ నంబరొచ్చింది! తల్లి తన లిపిలో నిదానంగా సంతకం చేసింది. స్టాంపు నేనే వేస్తానని పిచ్చుక పట్టుబట్టింది, వేసింది, వంకరగా.

కంప్యూటరుకు కాలు సంగతి ఇప్పటికీ తెలియదు. అందుకే రిజిస్టర్ మార్జిన్లో చేత్తో రాశాను: చంక కర్ర ఉంది, మన భాష రాదు, ఆడపిల్ల, ఈ మూడూ ఒక్క పిల్లకే, గది ఎప్పుడూ కిందే ఉండాలి. మార్జిన్లో రాయకూడదని రూలు. ఇంకో రిమార్కు వస్తే రానీ.

జూలై 3

ఇరవై రెండు మెట్లు. మేడ మీది నా కొత్త గదికి పద్నాలుగు దాకా పిచ్చుక భాషలో లెక్కపెడుతూనే ఎక్కాను. పదిహేను మరిచిపోయాను. కిందికి దిగి అడిగి రావాలి.