మూతలో కాగితాలు, కారులో క్లచ్

తార్నాక, 10 నవంబరు 2025, సోమవారం
ఇవాళ్టి పనులు: మంచినీళ్లు పట్టడం, బట్టలు రెండు బకెట్లు, పిండి జల్లించడం, నీ క్యారేజీ. నాలుగూ అయ్యాయి.

ప్రియమైన బ్లెస్సీకి,

ఆదివారం కార్ల పోటీ అయ్యేదాకా హాస్టల్లోనే ఉంటానన్నావు. వర్క్‌షాపులో ఫోన్లన్నీ మీ నరహరి సార్ బీరువాలో పెట్టించేస్తారన్నావు. అందుకే ఈ కాగితం క్యారేజీ మూతలో పెడుతున్నాను. మీ జట్టు కమలాకర్ రోజూ మన గేటు మీదుగానే క్యాంపస్‌కు వెళ్లి వస్తాడు కాబట్టి తీసుకెళ్లడానికి, సాయంత్రం నీ జవాబు తేవడానికి ఇబ్బంది లేదు. శనివారం కొరియర్లో వచ్చిన మీ క్లచ్ ప్లేటు కూడా అతని చేతికే ఇచ్చాను.

మొన్న మీరు తయారుచేసిన కారు చూపిస్తూ "పగిలితే ఇక్కడే" అని నవ్వావు. ఏం పగులుతుంది? ఎవరి మీద పడుతుంది? దాచకుండా రాయి.

అమ్మ హన్నా

వర్క్‌షాపు, మంగళవారం ఉదయం

అమ్మా,

దాచకుండా రాయమన్నావుగా. ఇంజన్ బలాన్ని చక్రాలకు అందించే పట్టు క్లచ్. అది మరీ వేడెక్కితే పగలొచ్చు. ముక్కలు డ్రైవరు కాళ్ల వైపు వస్తాయి. డ్రైవరును నేనే. ఇనుప కవచం కట్టాం, భయపడకు.

లోహపు బిళ్లల ప్లేటు ఒక్కసారిగా పట్టేస్తుంది, ఇరుసు విరుగుతుంది. మెత్తని లైనింగ్ ఉన్నదైతే మొదట కొంచెం జారి, ఆ తర్వాత గట్టిగా పడుతుంది. కమలాకర్ లెక్కలు వేసి ఇదే కావాలన్నాడు. నిన్న బిగించి చూశాం. ఇంజన్ అరిచింది, కారు కదల్లేదు. విప్పితే లైనింగ్ నిగనిగలాడుతోంది. మూకుడు మాడినట్టు వాసన.

"లోహపుదే ఎయ్యమని నేను ముందే చెప్పిన, ఇన్నరా?" అన్నారు నరహరి సార్.

"అన్నా, గిది క్లచ్ కాదే, జారుడుబల్ల!" అన్నాడు మా జట్టు కిట్టు. అందరం నవ్వాం.

"నా లెక్క తప్పలే. ప్లేటుకే ఏదో అయింది," అన్నాడు కమలాకర్. ఎవరూ వినలేదు.

నీ బ్లెస్సీ

వర్క్‌షాపు, గురువారం

అమ్మా,

నిన్న, ఇవాళ మూతలో కాగితం లేదు. ఒంట్లో బాగుందా?

కమలాకర్‌ను క్లచ్ పని నుంచి తీసేశాం. తీసేయాలని నేనూ చెయ్యెత్తాను. అతను క్యారేజీ మాత్రం ఎప్పటిలాగే తెచ్చి బల్ల మీద పెట్టి పోయాడు.

పట్టు పెంచడానికి ఆరు బోల్టులుంటాయి. ఒక్కోసారి పావు చుట్టే తిప్పాలి. మేం పూర్తి చుట్టు బిగించేశాం. ఇప్పుడు కారు కదులుతోంది. కానీ రెండో పరుగుకే అరికాళ్లకు సెగ తగిలింది. ఇక వేరే రకం ప్లేటు తెప్పించే టైము లేదు. ఆదివారం ఇలాగే నడుపుతాను.

బ్లెస్సీ

తార్నాక, శుక్రవారం, ఉదయం ఏడు
ఇవాళ ఏ పనీ మొదలుపెట్టలేదు.

బ్లెస్సీ తల్లీ,

కారు స్టార్ట్ చేయకు. ముందు ఇది చదువు.

ఆ ప్లేటు వచ్చిన రోజు అట్టపెట్టె వానకు తడిసిపోయింది. విప్పి చూశాను. ఇనుము కదా, తుప్పు పడుతుందనుకున్నాను. దోసెల పెనానికి చేసినట్టే చేశాను. కడిగి, ఆరబెట్టి, రెండు వైపులా నూనె రాసి, గుడ్డతో తుడిచి కట్టాను. జారుతున్నది అందుకే.

ఇప్పుడే గేటు దగ్గర కమలాకర్‌కు చెప్పాను. సైకిల్ దిగి స్టాండు వేశాడు.

"ఏం నూనె ఆంటీ?"

"నువ్వుల నూనె, బాబూ."

"మంచి నూనెనే పోసిన్రు," అని నవ్వాడు. నవ్వు వెంటనే ఆగిపోయింది. "ఆంటీ, నన్ను అందరి ముంగట అన్నరు. మీరు గూడ అందరి ముంగటనే చెప్పాలె."

న్యాయం. పదకొండింటికి వస్తున్నాను. నువ్వూ ఉండు.

అమ్మ

హాస్టల్, ఆదివారం రాత్రి

అమ్మా,

నా రెండు కాళ్లూ చల్లగా ఉన్నాయి. మొదటి వార్త అదే.

నూనె ప్లేటు తీసేసి, అదే పెట్టెలో నువ్వు విప్పని కవర్లో ఉన్న రెండోది వేశాం. నువ్వు అందరి ముందు నూనె సంగతి చెప్పి వెళ్లాక కిట్టే పానా తెచ్చి కమలాకర్ చేతిలో పెట్టాడు. కమలాకర్ బోల్టులన్నీ వెనక్కి తిప్పి, పావు చొప్పున మళ్లీ మొదలుపెట్టాడు. శనివారం తొమ్మిదిసార్లు నడిపి చూశాం. ఇవాళ పోటీలో రన్‌వే మీద పచ్చలైటు పడగానే ఒక్క క్షణం జారి, పట్టుకుంది. మూడో స్థానం. దిగగానే అతనికి సారీ చెప్పాను. "సరేలే, డ్రైవరమ్మా," అన్నాడు.

నీ మీద కోపం లేదమ్మా. తెలియక చేశావు. తెలిసిన వెంటనే చెప్పావు.

నీ బ్లెస్సీ

తార్నాక, 17 నవంబరు, సోమవారం
పనులు: మంచినీళ్లు, బట్టలు, నీ క్యారేజీ, నీ గది ఊడ్చడం. ఈ ఉత్తరం.

బ్లెస్సీ తల్లీ,

సాయంత్రం నువ్వు గుమ్మం ఎక్కకముందే ఇది చదవాలని పంపుతున్నాను.

"తెలిసిన వెంటనే" అని రాశావు. కాదు. మూకుడు మాడిన వాసన అని నువ్వు రాసిన మంగళవారం సాయంత్రమే నాకు తెలిసిపోయింది. మూడు రోజులు ఊరుకున్నాను. సిగ్గుతో కాదు. క్లచ్ జారుతూనే ఉంటే కారు కదలదు, కారు కదలకపోతే నీ కాళ్లకు ఏమీ కాదు అనుకున్నాను. ఆ పిల్లాడు రోజూ నా చేతి నుంచి క్యారేజీ అందుకుని, మాటపడ్డ చోటికే మోసుకెళ్లాడు. అతని ముఖం చూస్తూ కూడా నోరు మూసుకున్నాను. జారినా బిగించి నడుపుతానని నువ్వు రాశాకే నోరు తెరిచాను.

మొన్న అందరి ముందు నూనె సంగతే చెప్పాను. ఈ మూడు రోజుల సంగతి చెప్పలేదు. ఇవాళ పొద్దున కమలాకర్‌కు చెప్పాను. అతను నవ్వలేదు. క్యారేజీ మాత్రం తీసుకుని, ఈ కాగితం కోసం గేటు దగ్గర ఆగాడు.

నువ్వు కోప్పడితే పడు. మళ్లీ కారెక్కుతానంటే మాత్రం నా భయం మాటల్లోనే చెబుతాను.

నీకు బాకీ పడ్డ నిజం ఒకటి. సోమవారం ఉదయం ఎనిమిదింటికి చెల్లించాను.

అమ్మ