రాజన్నను ఆస్పత్రికి ఎందుకు తీసుకురాలేదంటే

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి,

అయ్యా,

విషయం: ఛత్రినాకలో గుండె జబ్బుతో మరణించిన రాజన్న గారి విషయమై నన్ను విధుల నుంచి తప్పించినందున సంజాయిషీ మరియు మనవి.

ఇక నయం కాదని తేలిన గుండె రోగులను తమ ఆస్పత్రి తరఫున ఇళ్లకు వెళ్లి చూసుకునే నర్సును నేను. రోగిని ఆస్పత్రికి చేర్చకుండా అడ్డుకున్నానని ఆయన కొడుకు కొండల్ ఫిర్యాదు చేసినందున నాకు మెమో ఇవ్వబడినది.

1. రాజన్న గారు తాళాలు బాగుచేసేవారు. ఒంటికి నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవారు. ఐసీయూ నుంచి ఇంటికి వచ్చాక నాతో, "బిడ్డా, మళ్ల గా గొట్టాలు వద్దు. మా మాణిక్యమ్మ పక్కన్నే పోత" అన్నారు. మాణిక్యమ్మ ఆయన భార్య. కొండల్ నా చేతులు పట్టుకుని, "అక్కా, ఎవలేమన్నా సరే, బాపును తీస్కపోనియ్యకు" అని ఏడ్చాడు. తమ ఆస్పత్రిలో ఆయనను చూసిన డాక్టరు గారు కూడా ఒప్పుకున్నారు.

2. ఆఖరి పూట ఆయాసం ఎక్కువైనది. డాక్టరు గారికి ఫోన్ చేసి, వారు చెప్పిన మోతాదులోనే ఆయాసం తగ్గే మందు ఇచ్చాను. వీపు వెనుక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. పెదాలు తడిపాను. మాణిక్యమ్మ తల నిమురుతుండగా ప్రాణం పోయింది. అయ్యా, ఆయన ముఖంలో భయం లేదు. ఆ సంగతి మెమోలో ఎక్కడా లేదు.

3. తర్వాత చుట్టాలు వచ్చి, "దవాఖానకు తీస్కపోకుండ పెద్దమనిషిని ఇంట్ల సంపుకున్నవారా?" అని కొండల్ మీద లొల్లి పెట్టారు. అతను నా వైపు చూశాడు. "నర్సమ్మనే వద్దన్నది" అన్నాడు. అప్పుడు నేను రాజన్న గారి ఒళ్లు తుడుస్తున్నాను. తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

4. డాక్టరు గారిని సాక్ష్యం అడిగితే, "ఫోన్ల ఏం మాట్లాడినమో నాకు యాదికి లేదు స్వీటీ" అన్నారు.

కావున, నా ఉద్యోగం సంగతి తమ ఇష్టం. కొండల్‌ను నా ఎదుట కూర్చోబెట్టి, ఆ మాట నా ముఖం చూసి మరొక్కసారి అనమని అడగవలసిందిగా ప్రార్థన. ఈ నా గోడు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్వీటీ, నర్సు

తా.క.: ఇది కవరులో పెడుతుండగా కొండల్ ఫోన్ చేశాడు. "అక్కా, మాఫ్ చెయ్. చుట్టాల ముంగట మాట వాపస్ తీస్కోలేను. గానీ అమ్మకు గూడ కాళ్లు వాచినయ్, ఆయాసపడుతున్నది. నిన్నే పిలువుమంటున్నది. జెర వస్తవా?" అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఏడ్చాను. యూనిఫాం వేసుకునే హక్కు ఇప్పుడు లేదు గనుక చీర కట్టుకుని వెళుతున్నాను. దీనికి కూడా సంజాయిషీ కావాలంటే మెమో ఛత్రినాకకే పంపండి.